కాన్పు గది పక్కనే శిక్షణ: ఒక నర్సు సమీక్ష

పుట్టగానే ఊపిరి అందని శిశువును కాపాడడంపై మా చిన్న ఆరోగ్య కేంద్రంలోనే రెండు రోజులు జరిగిన శిక్షణలో నేనూ, నాతో పనిచేసే మరో నలుగురు నర్సులూ పాల్గొన్నాం. బోధించిన పాఠ్యక్రమం 2010లో అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘమైన అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ ఆధ్వర్యంలో మొదలైన ‘హెల్పింగ్ బేబీస్ బ్రీత్’. ఇంతకుముందు ఇటువంటి శిక్షణకు నగరానికి వెళ్లవలసి వచ్చేది. ఒకరు వెళితే మిగిలినవారు రెండేసి డ్యూటీలు చేయాలి. పసిపిల్లల తల్లులైతే అసలు వెళ్లలేకపోయేవారు.

సాధన ‘నియోనటాలీ’ అనే బొమ్మతో సాగింది. నీళ్లు నింపితే అప్పుడే పుట్టిన బిడ్డంత బరువుగా చేతిలో వాలుతుంది. గొట్టాలకు అమర్చిన చిన్న బుడ్డీలను శిక్షకురాలు నొక్కుతుంటే బొమ్మ ఏడుస్తుంది, ఛాతీ కదులుతుంది, బొడ్డుతాడులో నాడి కొట్టుకుంటుంది. నొక్కడం ఆపితే అన్నీ ఆగిపోతాయి. తల సరిగా ఉంచకపోయినా, ముఖంపై పెట్టిన మాస్కు అంచున గాలి పోతున్నా, దానికి అమర్చి చేత్తో నొక్కుతూ ఊపిరి అందించే బ్యాగును ఎంత నొక్కినా ఛాతీ లేవదు. పదేళ్లుగా కాన్పులు చేస్తున్న నాకు మొదటి మూడుసార్లూ లేవలేదు. నాలుగోసారి లేచినప్పుడు నా చేతివేళ్లకు తెలిసిన తేడాను ఏ ఉపన్యాసమూ నేర్పలేదు.

పుట్టిన మొదటి 60 సెకన్లలోపు బిడ్డ తనంతట తాను ఊపిరి తీసుకోవాలి, లేకుంటే బ్యాగుతో శ్వాస అందించడం మొదలవ్వాలన్నది ఈ పాఠంలో కీలకం. రెండో రోజు శిక్షకురాలు మా కాన్పు బల్ల దగ్గరే నిలబడి, గడియారం చూస్తూ, మా బ్యాగు తెమ్మన్నారు. అది వరండా చివర తాళం వేసిన బీరువాలో ఉంది. తాళంచెవి దొరికేసరికే నిమిషం దాటిపోయింది. నగరంలోని శిక్షణ గదిలో ఈ లోపం ఎన్నటికీ బయటపడేది కాదు. ఆ సాయంత్రమే బ్యాగునూ మాస్కులనూ బల్ల పక్కనున్న అరలోకి మార్చాం.

అయితే నిర్వాహకుల తీరుపై నాకొక తీవ్రమైన అసంతృప్తి ఉంది: ముగింపు రోజునే బొమ్మను తీసుకెళ్లిపోయారు, మళ్లీ ఎప్పుడు వస్తారో చెప్పలేదు. టాంజానియాలోని హేడమ్ ఆస్పత్రిలో ఒక్కరోజు శిక్షణ తర్వాత బొమ్మపై నైపుణ్యం మెరుగైనా అసలు కాన్పుల్లో ఆ మార్పు కనిపించలేదు. తరచుగా, కొద్ది నిమిషాలపాటు, పనిచేసే చోటే సాధన చేయించిన తర్వాతే మొదటి 24 గంటల్లో శిశుమరణాలు తగ్గాయి. మారుమూల ప్రాంతాల్లో సిబ్బంది నిలవాలంటే శిక్షణ సంస్థలు ఆ ప్రాంతాలకు దగ్గరగా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాలు సూచించాయి. దగ్గరకు వచ్చినవారు సాధన కొనసాగే దారి కూడా చూపాలి కదా.

ఈ శిక్షణను తప్పక పిలిపించుకోండి. కానీ తేదీ ఖరారు చేసే ముందే, కనీసం ఒక బొమ్మను మీ కేంద్రంలో ఉంచి వెళ్లాలనీ, వారానికోసారి సాధన చేయించే బాధ్యతను మీలో ఒకరికి అప్పగించాలనీ రాతపూర్వకంగా అడగండి.