షపేజా, ఓనేనా: ఫ్రాన్స్ పల్లెల్లో రెండు మధ్యయుగపు చర్చిలు

ఫ్రాన్స్ పల్లెల్లోని మధ్యయుగపు చర్చిలను చూడదలచినవారికి వ్యవధి తక్కువై ఒక్క ప్రాంతాన్నే ఎంచుకోవలసి వస్తే, తూర్పున బర్గండిలోని షపేజ్‌ను, పడమట సేంతోంజ్ ప్రాంతంలోని ఓనేను పక్కపక్కన పెట్టి చూడడం మేలు.

షపేజ్‌లోని సెయింట్ మార్టిన్ చర్చి 11వ శతాబ్దానిది. దాదాపు 35 మీటర్ల ఎత్తున్న దాని గంటల గోపురం దూరం నుంచే కనిపిస్తుంది. గోడలపై సన్నని నిలువు పట్టీలు, వాటిని కలిపే చిన్న చిన్న కమానులు తప్ప అలంకారం అంతగా లేదు. లోపలి లావైన గుండ్రని స్తంభాల మధ్య నిలబడితే రాతి బరువే మనసును పట్టుకుంటుంది.

ఓనేలో మాత్రం శిల్పమే ప్రధానం. 12వ శతాబ్దపు సెయింట్ పీటర్ చర్చి, స్పెయిన్‌లోని క్రైస్తవ పుణ్యక్షేత్రం సాంతియాగోకు వెళ్ళే యాత్రామార్గాలలో భాగంగా 1998లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. దక్షిణ ద్వారంపై కమానులు వరుసలు వరుసలుగా పరచుకొని ఉంటాయి. వాటిలో వీణవంటి వాద్యం పట్టుకున్న గాడిద కూడా ఉంది. లోపల ఒక స్తంభశీర్షంపై ఏనుగులను చెక్కిన శిల్పి, చూసేవారు పోల్చుకోలేరేమోనన్నట్టు, 'ఇవి ఏనుగులు' అని లాటిన్‌లో పైన రాసిపెట్టాడు. ఏనుగులను చూస్తూ పెరిగిన మనకు ఆ చిన్న చెవులను చూస్తే ఆ శిల్పిపై ఆప్యాయత కలుగుతుంది.

నిశ్శబ్దం కోరేవారికి షపేజ్ తగినది. ఒక్కటే చూడగలిగితే నేను ఓనేకే వెళతాను, అదీ దక్షిణ ద్వారంపై ఎండ పడే మధ్యాహ్నవేళకు.