శ్రీకాకుళంలో పాత అంబాసిడర్ బాగుచేయించాం: పాత వంతెన దగ్గర షెడ్డు గురించి మా అనుభవం

మన జిల్లాలో ఇంటి వెనకాల టార్పాలిన్ కింద పాత అంబాసిడరో, ఫియట్టో, జీపో పెట్టుకుని స్క్రాప్‌కి ఇచ్చేద్దామా అని ఆలోచిస్తున్నవాళ్లు ఎవరైనా ఉంటే, ఇది చదివాక నిర్ణయం తీసుకోండి. శ్రీకాకుళం టౌన్‌లో నాగావళి పాత వంతెనకి దగ్గర్లో ఒక రేకుల షెడ్డు ఉంది. బోర్డు లేదు, గూగుల్ మ్యాప్‌లోనూ దొరకదు, చుట్టుపక్కల వాళ్లని "అంబాసిడర్ మేస్త్రీ" అని అడిగితే చూపిస్తారు. ఆయన వయసు 65 దాటింది, ఇద్దరు కుర్రాళ్లు సాయం ఉంటారు. మా నాన్న కారు నాలుగు నెలలు అక్కడే ఉంది. ఐదుకి నాలుగున్నర ఇస్తున్నా, ఆ అర ఎందుకు తగ్గించానో తర్వాత చెప్తాను.

ముందు కారు గురించి చెప్పాలి. మా నాన్న పోలీస్ డిపార్ట్‌మెంట్‌లో డ్రైవర్‌గా చేసి రిటైర్ అయ్యారు. 80ల్లో కాన్వాస్ టాపు మహీంద్రా జీపు తోలేవారు, సీతంపేట ఏజెన్సీ రోడ్ల మీద వానాకాలం ఆ జీపులో కూర్చుంటే లోపలున్నవాళ్లు కూడా తడిసిపోయేవాళ్లట. తర్వాత కొన్నాళ్లు ఆఫీసర్ల అంబాసిడర్ తోలారు. 1994లో టాటా సుమో వచ్చింది, 2000లో బొలేరో వచ్చింది, మెల్లగా స్టేషన్ల ముందు జీపులు పోయి ఇవే కనపడటం మొదలయ్యాయి. ఆయన తోలిన 1984 మోడల్ డీజిల్ అంబాసిడర్‌ని 90ల్లో డిపార్ట్‌మెంట్ వేలం వేస్తే, అప్పు చేసి మరీ పాడుకున్నారు. అమ్మ అప్పట్లో వారం రోజులు మాట్లాడలేదు. నేను స్కూలుకి వెళ్లింది అందులోనే, మా అక్క పెళ్లికూతురై వెళ్లింది కూడా అందులోనే.

2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను మా టెక్కలి వైపు ఏం చేసిందో చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. మా ఇంటి కొబ్బరిచెట్టు సరిగ్గా కారు టాపు మీద పడింది. అప్పటికే ఇంజన్ స్టార్ట్ అయి ఆగిపోతూ ఉండేది. ఇక దాన్ని అలా పక్కన పెట్టేశారు. ఏడాదికోసారి ఎవరో ఒకరు వచ్చి కేజీల లెక్కన అడగడం, నాన్న పంపించేయడం, ఇదే నడిచింది.

నేను ఐర్లాండ్‌లో కార్క్ అనే ఊళ్లో ఉద్యోగం చేస్తున్నాను. ఈ కారు బాగుచేయించాలన్న పట్టుదల నాకు అక్కడే వచ్చింది. మా ఎదురింటి పెద్దాయన రిటైర్డ్ గార్డా. అక్కడ పోలీసుని గార్డా అంటారు, 1923 నుంచీ అదే పేరు, మామూలు డ్యూటీలో చాలామందికి తుపాకీ కూడా ఉండదు. ఆయన దగ్గర 1979 ఫోర్డ్ కోర్టినా ఉంది. అది కార్క్‌లోనే తయారైంది. హెన్రీ ఫోర్డ్ వాళ్ల నాన్న కార్క్ జిల్లా నుంచే అమెరికా వలస వెళ్లాడు, ఆ మమకారంతో 1917లో ఫోర్డ్ అక్కడ ఫ్యాక్టరీ పెట్టాడు, మొదట ట్రాక్టర్లు చేశారు, తర్వాత కార్లు. 1984లో మూసేశారు. ఎందుకు మూశారని అడిగితే పెద్దాయన ఓపికగా చెప్పారు: తయారైన కారు బయటి నుంచి తెస్తే సుంకం ఎక్కువ, అందుకని కంపెనీలన్నీ పార్టులు తెచ్చి ఐర్లాండ్‌లోనే బిగించేవి, 1973లో యూరప్ దేశాల కూటమిలో చేరాక ఆ రక్షణ కొంచెం కొంచెంగా పోయింది, ఫ్యాక్టరీలూ పోయాయి. జర్మనీ బయట మొదటి ఫోక్స్‌వాగన్ బీటిల్ బిగించింది కూడా 1950లో డబ్లిన్‌లోనేనట. వింటుంటే మన లైసెన్సుల కాలం గుర్తొచ్చింది. మనకీ అంతే కదా, బయటి కారు రాదు, ఇక్కడ బిగించిన రెండు మూడు రకాలే రోడ్డు మీద.

డ్యూటీలో తోలిన బళ్ల గురించి ఆయన చెప్తుంటే నాన్న చెప్తున్నట్టే ఉంటుంది. పాత ఫోర్డులు, వాటి బరువైన స్టీరింగు, చలికాలం పొద్దున్నే స్టార్ట్ కాక తోసుకోవడం. ఇప్పుడక్కడ పోలీసు కార్లంటే తెల్లరంగు మీద నీలం, పసుపు పట్టీలు, నేను వెళ్లిన కొత్తలో ఫోర్డ్ మాండియోలూ టయోటా అవెన్సిస్‌లూ కనపడేవి, తర్వాత హ్యుందాయ్ ఐ40లు వచ్చాయి. ఒకరోజు ఆయనకి మా అంబాసిడర్ ఫొటో చూపించాను. చెట్టు పడి టాపు సొట్టపోయిన ఫొటో. కళ్లజోడు సర్దుకుని చూసి, "ఇది మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కదా, ఇండియాకి ఎలా వచ్చింది?" అన్నారు. ఆయన అన్నది నిజమే. 1957 నుంచి 2014 దాకా బెంగాల్‌లోని ఉత్తరపాడాలో హిందుస్తాన్ మోటార్స్ చేసిన అంబాసిడర్ అసలు ఇంగ్లండ్ వాళ్ల కారు, మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్. ఫోన్ తిరిగి ఇచ్చేస్తూ, "మీ నాన్నగారు బతికుండగా ఇది రోడ్డెక్కాలి" అన్నారు. నేను ఆ రాత్రే ఇంటికి ఫోన్ చేశాను.

అక్కడ పాత కారు ఉంచుకోవడం ఎందుకు తేలికో కూడా చెప్పాలి. 30 ఏళ్లు దాటితే వింటేజ్ కింద ఏడాదికి 56 యూరోలే రోడ్డు టాక్స్. 40 దాటి, కిరాయికి తిప్పకపోతే ఫిట్‌నెస్ టెస్టు కూడా అక్కర్లేదు. వానకీ, చలికాలం రోడ్డు మీద చల్లే ఉప్పుకీ బాడీ తుప్పు పట్టడమే వాళ్లకి పెద్ద బాధ. మన దగ్గర 2021 రూల్స్ ప్రకారం వింటేజ్ అనిపించుకోవాలంటే 50 ఏళ్లు నిండాలి, రిజిస్ట్రేషన్‌కి 20,000. మా కారుకి ఆ వయసు రాలేదు కాబట్టి మామూలుగానే ఐదేళ్లకోసారి ఆర్‌సీ రెన్యువల్. 2022 ఏప్రిల్ నుంచి ఆ ఫీజు కారుకి 600 నుంచి 5,000 అయింది, తర్వాత 20 ఏళ్లు దాటినవాటికి ఇంకా పెంచారు. ప్రభుత్వ బళ్లయితే 15 ఏళ్లు దాటితే 2023 ఏప్రిల్ నుంచి నేరుగా తుక్కుకే. అంటే నాన్నలాగా డిపార్ట్‌మెంట్ బండిని వేలంలో పాడుకుని ఇంటికి తెచ్చుకుని తోలుకోవడం ఇక మీద జరగని పని. ఉన్నవి కాపాడుకుంటేనే ఉంటాయి.

ఈ షెడ్డుకి రాకముందు వేరే ఊళ్లో ఒక గ్యారేజీకి ఇచ్చాం, పేరు అనవసరం. ఇంజన్ పోయింది, 1.8 లీటర్ ఇసుజు ఇంజన్ దింపి వేసేద్దాం అని 20,000 అడ్వాన్స్ తీసుకుని రెండు నెలలు ఎండలో ఉంచారు. ఇంజన్ మారిస్తే ఆర్‌సీలో ఎక్కించాలని ఒక్క మాట కూడా చెప్పలేదు. అడ్వాన్స్‌లో సగమే తిరిగొచ్చింది.

లారీ మీద ఎక్కించి శ్రీకాకుళం తెచ్చిన రోజు నేనూ ఉన్నాను. మేస్త్రీ మొదట అడిగిన మాట: "ఏటి బాబూ, బాగుచేసి అమ్ముతారా, తోలుకుంతారా?" తోలుకోవడానికే అన్నాక బానెట్ ఎత్తారు. బ్యాటరీ తగిలించి సెల్ఫ్ కొడితే ఇంజన్ అందుకుంది, పది సెకన్లు నడిచి ఆగిపోయింది. ఆయన ఏమీ మాట్లాడకుండా చిన్న పానతో డీజిల్ ఫిల్టర్ మీదున్న నట్టు రెండు చుట్లు వదులు చేసి, పక్కనున్న హ్యాండ్ పంపు బొటనవేలితో కొట్టడం మొదలుపెట్టారు. నట్టు సందులోంచి డీజిల్ నురగలా వచ్చింది, సబ్బునీళ్లు పొంగినట్టు. నాన్నని పిలిచి, "సూడండి డ్రైవర్ గారూ, గాలి" అన్నారు. ఒక వాషర్ పగిలింది, అంతే. అక్కణ్ణించి గాలి లాగేస్తోంది. రాగి వాషర్ మార్చి, నురగ పోయి తేట డీజిల్ వచ్చేదాకా కొట్టి, నట్టు బిగించి మళ్లీ సెల్ఫ్ కొట్టారు. ఈసారి ఆగలేదు. నడుస్తున్న ఇంజన్ మీద ఆయిల్ మూత తీసి అరచెయ్యి అడ్డం పెట్టి చూసుకున్నారు, ఆవిరి పెద్దగా తన్నలేదు. "ఇంజన్‌కేటీ అవలేదు. నాజిళ్లూ పంపూ సర్వీసు సేయిస్తే సాలు" అన్నారు. రెండు నెలలు ఇంజన్ పోయింది అని విన్న మా నాన్న అక్కడే ఉన్న టైరు మీద కూర్చుండిపోయారు.

1489 సీసీ, 40 గుర్రాల బలం కూడా లేని ఇంజన్ అది. అయినా అదే ఉంచమన్నాం.

అసలు పని అంతా బాడీలో పడింది. సముద్రం గాలికి ఫ్లోర్ షీట్ కొన్నిచోట్ల అట్టముక్కలా విరిగిపోతోంది, డ్రైవర్ కాలి దగ్గర నేల కనపడేది. అది కోసి కొత్త షీటు వెల్డింగ్ చేశారు. కింగ్ పిన్నులు, బ్రేకు సిలిండర్లు, వెనక కమాను పట్టీల్లో రెండు, మొత్తం వైరింగు మార్చారు. పార్టుల్లో చాలావరకు కలకత్తా మల్లిక్ బజార్ నుంచి రైలు పార్శిల్‌లో వచ్చాయి. లప్పం మీద లప్పం పెట్టి సొట్టలు కప్పేసే పని ఆయన ఒప్పుకోరు, టాపుని లోపల్నించి చెక్క సుత్తితో నాలుగు రోజులు కొట్టి లేపారు.

ఆ టాపు గీకుతుంటే మూడు పొరల రంగు కింద ఐదు కన్నాలు బయటపడ్డాయి. నాలుగు చిన్నవి, మధ్యలో ఒకటి పెద్దది. డిపార్ట్‌మెంట్‌లో ఉన్నప్పుడు పైన లైటు బిగించిన బోల్టులవి, పెద్దది వైరు దిగే కన్నం. వేలంలో కొన్నాక నాన్న ఎంసీల్ పెట్టి మూసి రంగేయించారట, నాకు ఆ సంగతే తెలీదు. మేస్త్రీ పని ఆపి ఫోన్ చేశారు, "వెల్డింగ్ చేసి పూర్తిగా తీసీమంతారా?" అని. నాన్న కాసేపు ఆలోచించి, నీళ్లు దిగకుండా చూడండి గానీ ఆనవాలు పోనివ్వకండి అన్నారు. ఆయన కన్నాల అంచులు అలాగే ఉంచి, లోపలి నుంచి చిన్న ఇత్తడి బిళ్లలు పెట్టి అతికారు. పైన రంగు పడ్డాక దూరానికి కనపడవు, చెయ్యి వేస్తే ఐదు గుంటలు తగులుతాయి. దీనికి డబ్బులు తీసుకోలేదు.

మొత్తం 1,37,000 అయింది. అందులో పంపూ నాజిళ్లకి 14,500, టింకరింగూ పెయింటూ కలిపి 68,000, మిగతాది పార్టులూ లేత్ పనీ కూలీ. ప్రతి పాత పార్టూ ఒక గోనెసంచిలో వేసి తిరిగిచ్చారు, మార్చింది నిజమో కాదో చూసుకోమని.

ఇక తగ్గించిన అర మార్కు. 45 రోజులన్నారు, నాలుగు నెలలు పట్టింది. ఫోన్ ఎత్తరు, వెళ్లి కలవాల్సిందే, మాలాగా దూరంలో ఉన్నవాళ్లకి ఇది నిజంగా టెన్షన్. బిల్లు నోటుబుక్కు కాగితం మీదే ఇస్తారు, అందుకని అడ్వాన్స్ ఇచ్చేటప్పుడే ఏ పనికి ఎంతో రాయించుకోండి. ఆయనకి పాత ఇంజన్లే తెలుసు, కంప్యూటర్ పెట్టి చూడాల్సిన కొత్త బళ్లు తీసుకెళ్లకండి, ఆయనే వద్దంటారు. ఇంకో విషయం, ఇద్దరు కుర్రాళ్లలో ఒకడు ఈమధ్య హైదరాబాద్ వెళ్లిపోయాడు, ఈ పని నేర్చుకునేవాళ్లు దొరకట్లేదని మేస్త్రీ దిగులుపడ్డారు. పాత బండి ఉన్నవాళ్లు త్వరపడాలి అనేది అందుకే.

డెలివరీ రోజు నాన్న స్టీరింగ్ పక్కనున్న చేతి గేరు ఒకసారి అన్ని గేర్లలోకీ వేసి తీసి చూసుకున్నారు. నేరుగా అరసవల్లి తీసుకెళ్లి పూజ చేయించి, హైవే ఎక్కి నరసన్నపేట మీదుగా టెక్కలి దాకా 55 దాటకుండా తోలారు. దారిలో లారీ డ్రైవర్లు హారన్ కొట్టి చెయ్యి ఊపారు. టోల్ దగ్గర డ్యూటీలో ఉన్న ఒక కానిస్టేబుల్ కుర్రాడు వచ్చి లోపలికి తొంగి చూసి, "సార్, ఇది డిపార్ట్‌మెంట్ బండా?" అని అడిగాడు. ఎలా కనిపెట్టావంటే, వాళ్ల తాతగారు కూడా డ్రైవరేనట. నాన్న అతని చెయ్యి పట్టుకుని టాపు మీద పెట్టించి ఆ గుంటలు చూపించారు.

వెనక ఎడమవైపు డోరు రబ్బరు సరిగా కూర్చోలేదు, వాన పడితే ఒక ధార లోపలికి దిగుతోంది. మేస్త్రీకి చెప్పాం, కలకత్తా నుంచి వేరే బీడింగు తెప్పిస్తున్నారు, సంక్రాంతి అయ్యాక తీసుకురమ్మన్నారు. ఈసారి నాన్న ఒక్కరే తోలుకెళ్తానంటున్నారు.