విక్ ఆన్ జీలో రెండు రోజులు: సముద్రం, ఉక్కు, చదరంగం

2022లో అర్జున్ ఇరిగేశి నెదర్లాండ్స్‌లోని విక్ ఆన్ జీలో, టాటా స్టీల్ చదరంగం టోర్నీలో రెండో శ్రేణి అయిన చాలెంజర్స్ విభాగం గెలిచిన నాటి నుంచి మా వాడి నోట ఒకటే ఊరు. ఓరుగల్లు పిల్లవాడు 13 గేముల్లో 10.5 పాయింట్లు తెచ్చుకుని, ఇంకో రౌండు మిగిలుండగానే మొదటి స్థానం ఖాయం చేసుకున్నాడాయె. హనుమకొండలో చెస్ నేర్చుకునే పిల్లలకు ఆ ఊరి పేరు నోరు తిరగకపోయినా గుర్తుండిపోయింది. మా అక్కావాళ్లు ఆమ్‌స్టర్‌డామ్ పక్కన ఆమ్‌స్టెల్‌వీన్‌లో ఉంటారు. 2025లో టోర్నీ చివరి శని, ఆదివారాలకు సరిపోయేలా టికెట్లు తీసుకున్నాం.

దారి తేలికే. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి రైల్లో బేవర్‌వైక్, అక్కడ స్టేషన్ బయటే బస్సు. బ్యాంకు కార్డును ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు మెషీన్‌కు తాకిస్తే చాలు. దిగేటప్పుడు మర్చిపోతే మాత్రం ఎక్కువ డబ్బు కోస్తారు, పిల్లలతో వెళ్లేవాళ్లు చూసుకోండి. బస్సు డ్రైవరుతో మన పేపర్లలో రాసినట్టు ‘విక్ ఆన్ జీ’ అంటే అర్థం కాలేదు. వాళ్లు ‘వేక్ ఆన్ జే’ అంటారు.

బస నేను సరిగ్గా చేసుకోలేదు. ఊరు చిన్నది, జనం రెండు వేల పైచిలుకు. టోర్నీ రోజుల్లో గదులు నెలల ముందే నిండిపోతాయి. శుక్రవారం రాత్రికి బేవర్‌వైక్‌లో చవగ్గా దొరికిన ఒక లాడ్జిలో దిగాం. హీటర్ పనిచేయలేదు, రాత్రి తొమ్మిది దాటాక కౌంటర్‌లో మనిషి లేడు, ఫోనెత్తే దిక్కులేదు. పిల్లాడికి నా స్వెటర్ కూడా తొడిగి పడుకోబెట్టాను. శనివారం ఊళ్లోనే ఒక ఇంటి మేడ మీద గది దొరికింది. ధర దాదాపు రెట్టింపు, కానీ గది వెచ్చగా ఉంది, ఆట జరిగే హాలుకు ఐదు నిమిషాల నడక. ఇంటావిడ మేం శాకాహారులమని తెలిసి పొద్దున్నే రొట్టె, జున్ను, పళ్లు విడిగా పెట్టింది. నన్నడిగితే, అప్పు చేసైనా ఊళ్లోనే ఉండండి. ఇసుక దిబ్బ మీద ‘హోగె డౌన్’ అని ఒక హోటల్ ఉంది, పెద్ద ఆటగాళ్లు దిగేది అక్కడ. మేం బయటి నుంచి చూసి వచ్చాం.

ఊరికి ఒక పక్క ఉత్తర సముద్రం, ఇంకో పక్క ఉక్కు ఫ్యాక్టరీ పొగగొట్టాలు. విశాఖ ఉక్కు చుట్టుపక్కల పెరిగినవాళ్లకు ఈ దృశ్యం వెంటనే సొంతమనిపిస్తుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చే ధూళి మీద ఊరివాళ్లు ఏళ్ల తరబడి గొడవపడుతున్నారు, అదీ నిజమే. కానీ ఆ ఫ్యాక్టరీ లేకపోతే ఈ టోర్నీ లేదు. 1938లో హూగోవెన్స్ ఉక్కు కంపెనీ ఉద్యోగులు బేవర్‌వైక్‌లో తమలో తాము ఆడుకోవడానికి పెట్టుకున్న పోటీ ఇది. యుద్ధంలో, ఆకలి చావుల శీతాకాలంలో, 1945లో ఒక్కసారి ఆగింది. 1946లో బయటి దేశాలవాళ్లను పిలిచారు. పిలిచారు కానీ పెట్టడానికి తిండి లేదు. ముగింపు విందులో బఠాణీ సూపు పోశారు. ఇప్పటికీ ముగింపు రోజు ఆ సూపే పోస్తారు. కరువు నాటి కూడును మర్చిపోకుండా ప్రపంచ చాంపియన్ల చేత తినిపించే ఊరి మీద నాకు గౌరవం కలిగింది.

ఆ సూపులో మామూలుగా పంది మాంసం, సాసేజి ఉంటాయి, అడగకుండా గిన్నె పట్టుకోకండి. ఊళ్లో ఒక కెఫేలో మాంసం లేనిది దొరికింది. చిక్కగా, మన ముద్దపప్పులో నీళ్లు పోసినట్టుంది. చలికి ప్రాణం లేచొచ్చింది. అక్క కట్టిచ్చిన పులిహోర సముద్రం ఒడ్డున తిందామనుకున్నాం, గాలికి విస్తరి నిలవలేదు.

1968లో టోర్నీ బేవర్‌వైక్ నుంచి ఈ ఊరికి మారింది. ఆ ఏడు గెలిచింది సోవియట్ ఆటగాడు కోర్చ్‌నోయ్. హూగోవెన్స్ తర్వాత కోరస్ అయింది, ఆ కోరస్‌ను 2007లో మన టాటా స్టీల్ కొనుక్కుంది, 2011 నుంచి టోర్నీ పేరూ మారింది. ఆనంద్ ఇక్కడ ఐదుసార్లు మొదటి స్థానంలో నిలిచాడు, కొన్నిసార్లు ఇతరులతో పంచుకుని. నార్వే ఆటగాడు కార్ల్‌సన్ ఎనిమిదిసార్లు. గుంటూరు హరికృష్ణ 2012లో రెండో శ్రేణి అయిన బి గ్రూపు గెలిచి, మరుసటి ఏడు పై గ్రూపులో కూర్చున్నాడు.

ఆట జరిగేది డె మోరియాన్ అనే భవనంలో. రాజమహల్ ఊహించుకుని వెళ్లకండి, మన మండల కేంద్రాల్లో ఉండే కమ్యూనిటీ హాలు లాంటిది. దాని గొప్ప కూడా అదే. ఒక చివర వేదిక మీద ప్రపంచ చాంపియన్ గుకేశ్. అదే కప్పు కింద వందల బల్లల ముందు డచ్చి తాతలు, బడి పిల్లలు, గుమాస్తాలు తమ తమ రేటింగు గుంపుల్లో గడియారాలు నొక్కుతూ ఉంటారు. ఒక పెద్దాయన తన ఎత్తు వేసి లేచి, వేదిక దాకా వెళ్లి అర్జున్ బోర్డు చూసి, మళ్లీ తన కుర్చీకి వచ్చి కూర్చున్నాడు. ఇంత పెద్ద పోటీలో ఇంత దగ్గరితనం ఇంకెక్కడా చూడలేదు. బాత్రూముల దగ్గర క్యూ, కూర్చోడానికి కుర్చీలు చాలకపోవడం మాత్రం ఇబ్బందే.

1999లో రష్యా దిగ్గజం కాస్పరోవ్ బల్గేరియా ఆటగాడు తొపాలోవ్ మీద 24వ ఎత్తులో ఏనుగును బలిచ్చింది ఈ టోర్నీలోనే. ఆ బలితో మొదలై తొపాలోవ్ నల్లరాజు బోర్డంతా దాటి తెల్లవాళ్ల మొదటి వరుసకు, డి1 గడికి వచ్చిపడతాడు. మా వాడు ఆ గేము కళ్లు మూసుకుని చెబుతాడు.

ఆదివారం ఆఖరి రౌండు మధ్యాహ్నం 12కే మొదలైంది. గుకేశ్, ప్రజ్ఞానంద సమానంగా ముందున్నారు. గుకేశ్‌ను ఓడించింది ఎవరనుకున్నారు, మా అర్జునే! ఆ టోర్నీ అర్జున్‌కు అస్సలు కలిసిరాలేదు, అయినా ఆ రోజు సింహంలా ఆడాడు. అటు ప్రజ్ఞానంద జర్మనీ ఆటగాడు కెయ్‌మర్ చేతిలో గంటల తరబడి పెనుగులాడి ఓడాడు. ఇద్దరూ ఓడి, ఇద్దరూ సమానమే! విజేతను తేల్చే టైబ్రేక్‌లో మొదటి బ్లిట్జ్ (కొన్ని నిమిషాల్లో ముగిసే గేము) గుకేశ్‌ది, రెండోది ప్రజ్ఞానందది, మూడోది మళ్లీ ప్రజ్ఞానందది. ఆనంద్ 2006లో గెలిచాక మళ్లీ ఒక భారతీయుడు. మా వాడికి ఇద్దరూ కావాలి, ఏడవాలో నవ్వాలో తెలియక నా చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు.

బయటికొచ్చేసరికి చీకటి, చెవులు కోసే గాలి. ఆదివారం రాత్రి బస్సులు తక్కువ, చాలాసేపు నిలబడ్డాం. రాత్రి తిరుగు ప్రయాణం పెట్టుకునేవాళ్లు వేళలు ముందే చూసుకోండి. రైలెక్కాక మా వాడు ఫోన్లో 1999 గేము తెరిచి, ఆ ఏనుగును ఎందుకు తీసుకోకూడదో నాకు ఒక్కో ఎత్తూ చెప్పుకుంటూ పోయాడు. రాజు డి1కి చేరేసరికి మేం దిగాల్సిన స్లోటర్‌డైక్ దాటిపోయింది. అక్కకు ఫోన్ చేసి, సెంట్రల్ స్టేషన్‌కు రమ్మన్నాం.