ప్రశ్నల యాప్, ఉచిత పీడీఎఫ్, ఒక లెక్కల చక్రం: లైసెన్స్ వచ్చాక రాస్తున్న రివ్యూ

అమెరికాలో ప్రైవేట్ పైలట్ ట్రైనింగ్ ఖాయమైనా వీసా పనులు తెమలడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలలూ ఇంట్లోనే రాత పరీక్షకు చదివాను. వాడినవి మూడు. డబ్బు కట్టి తీసుకున్న ప్రశ్నల యాప్, అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ ఉచితంగా ఇచ్చే హ్యాండ్‌బుక్ పీడీఎఫ్, గాలి, వేగం, దూరం లెక్కలు చేతితో తిప్పి చేసే ఈ6బీ అనే చక్రం.

ముందు యాప్ సంగతి. పరీక్షలో 60 ప్రశ్నలు, ఒక్కోదానికి మూడే ఆప్షన్లు, 70 శాతం వస్తే పాస్. యాప్‌లో రోజూ నలభై యాభై ప్రశ్నలు చేస్తూ పోతే రెండు నెలల్లో నా స్కోరు 95 దాటింది. ఇక అయిపోయిందనుకున్నాను. ఒకరోజు వెయిట్ అండ్ బ్యాలెన్స్ (విమానంలో బరువు ఎక్కడెక్కడ ఎంత పడుతుందో చూసే) లెక్క వచ్చింది. ప్రశ్న పూర్తిగా చదవకముందే వేలు రెండో ఆప్షన్ మీదికి వెళ్లిపోయింది. జవాబు కరెక్టే. కానీ అదే లెక్క కాగితం మీద చేద్దామని కూర్చుంటే, బరువును దేనితో గుణించాలో కూడా వెంటనే తోచలేదు. నేను నేర్చుకున్నది లెక్క కాదు, జవాబు ఎన్నో ఆప్షన్ అన్నది. యాప్‌ను తప్పుపట్టను, అది చేయాల్సిన పని అది చేసింది. నేనే దాన్ని పాఠంగా వాడుకున్నాను.

అప్పుడు హ్యాండ్‌బుక్ తెరిచాను. లావుపాటి పుస్తకం, ఏకబిగిన చదివేది కాదు. కానీ 'ఎందుకు' అన్నదానికి జవాబు అందులోనే ఉంది. గాలిలో తేమ ఎక్కువుంటే 20 డిగ్రీల వెచ్చదనంలో కూడా కార్బురేటర్‌లో ఐస్ పట్టొచ్చని యాప్‌లో బట్టీ కొట్టాను. పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు వేడిని లాగేసుకుంటుందని, పైగా ఇరుకు గొంతులోంచి దూసుకెళ్లే గాలి పీడనం పడిపోయి ఇంకా చల్లబడుతుందని ఇక్కడ చదివాక ఆ ప్రశ్నను ఎటు తిప్పి అడిగినా భయం లేకుండా పోయింది. వాతావరణం, ఎయిర్‌స్పేస్ (ఆకాశాన్ని ఏ భాగాలుగా విభజించారన్నది) అధ్యాయాలు రెండేసిసార్లు చదివాను. మానవ ప్రవర్తన గురించిన భాగం మాత్రం, నిజం చెప్పాలంటే, పేజీలు తిప్పేశాను.

ఇక్కడ నేను చేసిన ఒక తెలివితక్కువ పని చెప్పాలి. పరీక్షలో వాడే మ్యాప్‌లూ చార్టులూ ఉన్న సప్లిమెంట్ కూడా ఉచితమే. కలర్ ఎందుకులే అని బ్లాక్ అండ్ వైట్‌లో ప్రింట్ తీయించాను. సెక్షనల్ చార్టులో, అంటే పైలట్లు వాడే మ్యాప్‌లో, కంట్రోల్ టవర్ ఉన్న ఎయిర్‌పోర్టు నీలం, లేనిది మెజెంటా. ఎయిర్‌స్పేస్ గీతలూ రంగును బట్టే తెలుస్తాయి. నా ప్రింట్‌లో అన్నీ బూడిద రంగే! పది రోజులు అదే చార్టు ముందేసుకుని జుట్టు పీక్కున్నాను. మీరు ఆ పేజీలైనా కలర్‌లో తీయించుకోండి.

మన దగ్గర విమానయాన సంస్థ డీజీసీఏ పెట్టే పేపర్లకు కొంత చదివి ఉంటే ఇంకో చిక్కు. హెక్టోపాస్కల్స్‌కీ మీటర్లకూ అలవాటుపడ్డ కళ్లకు అక్కడి మెటార్, అంటే ఎయిర్‌పోర్టు వాతావరణ రిపోర్టు, కొత్తగా కనిపిస్తుంది. ఎత్తు చూపే ఆల్టిమీటర్‌కు పెట్టాల్సిన గాలి పీడనం పాదరసం అంగుళాల్లో, 29.92 లాగా ఉంటుంది. విజిబిలిటీ స్టాట్యూట్ మైళ్లలో (మామూలు రోడ్డు మైళ్లు), దూరాలేమో అంతకంటే పెద్దవైన నాటికల్ మైళ్లలో. నాకు పోయిన మార్కుల్లో రెండు ఈ గందరగోళంలోనే పోయాయి.

మూడింటిలో నాకు బాగా నచ్చింది ఈ6బీ. ఫిలిప్ డాల్టన్ 1930లలో రూపొందించిన చక్రం, బ్యాటరీ అక్కర్లేదు. గాలి 270 డిగ్రీల నుంచి (పడమర) 20 నాట్లు (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు), మనం వెళ్లాల్సింది 360 (ఉత్తరం), గాలిలో విమానం వేగం 100 నాట్లు అనుకోండి. 270ని పైన గుర్తు కిందికి తిప్పి, మధ్య రంధ్రం నుంచి పైకి 20 లెక్కపెట్టి పెన్సిల్‌తో చుక్క పెట్టాలి. చక్రాన్ని 360కి తిప్పితే చుక్క ఎడమకు జరుగుతుంది. దాన్ని 100 గీత మీదికి జరిపితే, ఎడమకు పదకొండున్నర డిగ్రీలు తిప్పాలని, నేల మీద వేగం 98 అని కనిపిస్తుంది. గాలి ఎటు తోస్తోందో కళ్లముందే ఉంటుంది. మొదటి వారం మాత్రం చిరాకు పెడుతుంది. గుణకారాలు, భాగహారాలు చేసే రెండో వైపున దశాంశ చుక్క కనిపించదు, 9.8 అవునో 98 అవునో మనమే చూసుకోవాలి.

పరీక్ష అమెరికా వెళ్లిన మొదటి వారంలోనే రాశాను. 60కి 53, అంటే 88 శాతం. ఫలితం 24 నెలలు చెల్లుతుంది, ఆలోగా చెక్‌రైడ్, అంటే ఎగ్జామినర్ ప్రశ్నలడిగి, విమానం నడిపించి చూసే ఆఖరి పరీక్ష, అవ్వాలి. వీసా తేలకముందే తొందరపడి రాసేవాళ్లు ఈ లెక్క చూసుకోవాలి. రిజల్ట్ షీట్ మీద తప్పిన అంశాల కోడ్‌లు అచ్చవుతాయి. ఇన్‌స్ట్రక్టర్ వాటిని మళ్లీ చెప్పి సంతకం చేయాలి, ఎగ్జామినర్ వాటినే తవ్వుతారు. నన్నూ మొదట మెటార్ మీదే పట్టుకున్నారు. ఈసారి మైళ్లు తప్పలేదు.

యాప్ సబ్‌స్క్రిప్షన్ చెక్‌రైడ్‌కు నెల ముందే అయిపోయింది. రెన్యూ చేయలేదు.