ఏడు మూతల మాత్రల డబ్బా: ఎనిమిది నెలలు వాడాక రాస్తున్నా

ముందే చెప్తున్నా, ఇది పేరున్న కంపెనీ డబ్బా ఏమీ కాదు, మామూలు ప్లాస్టిక్‌ది, వారంలో ఏడు రోజులకి ఏడు గదులు, ఒక్కో గదికి ఒక మూత, అంతే. ఇంత చిన్న డబ్బాకి ఇంత పెద్ద రివ్యూ ఎందుకంటే, నేను డిప్రెషన్‌కీ యాంగ్జైటీకీ మాత్రలు వేసుకుంటున్నాను, దీన్ని కొని ఇంటికి తెచ్చిన రోజే నాకొక ప్రశ్న మొదలైంది, దీన్ని ఎక్కడ పెట్టాలి? ఎవరి కంట పడినా పర్లేదు, ఎవరి కంట పడితే కష్టం? స్ట్రిప్ అయితే హ్యాండ్‌బ్యాగ్ జిప్‌లో దాక్కుంటుంది, డబ్బా అలా దాగదు.

ఎందుకు కొన్నానో చెప్తా. డాక్టర్ నాకు సెర్ట్రలిన్ 50 మిల్లీగ్రాములు రాశారు, రోజూ పొద్దున ఒకటి. పని చెయ్యడానికి రెండు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు, కానీ కడుపులో తిప్పడం, తలనొప్పి, నిద్ర తేడా లాంటివి ముందే వస్తాయి, చాలామందికి కొన్నాళ్ళకి తగ్గిపోతాయి అని కూడా చెప్పారు, అంటే మొదట్లో బాధ ముందు, మేలు తర్వాత అన్నమాట. ఆ రోజుల్లో నా బుర్ర ఎంత మొద్దుబారి ఉండేదంటే పళ్ళు తోముకున్నానో లేదో కూడా గుర్తుండేది కాదు, మాత్ర వేసుకున్నానా లేదా అని స్ట్రిప్ పట్టుకుని నిలబడేదాన్ని, స్ట్రిప్‌లో ఎన్ని ఖాళీలున్నా ఇవాళ్టిది అందులో ఉందో లేదో ఎలా తెలుస్తుంది. మర్చిపోయాను కదా అని రెండు కలిపి వేసుకోవద్దని డాక్టర్ గట్టిగా చెప్పారు, అందుకే ఆ అనుమానం ఇంకా పెద్దదయ్యేది. డబ్బా వచ్చాక ఆ గొడవ పోయింది. మూత తెరిస్తే ఖాళీగా ఉంటే వేసుకున్నట్టు, మాత్ర ఉంటే వేసుకోనట్టు. దీని పని ఇదొక్కటే, ఆ పని మాత్రం చాలా బాగా చేస్తుంది.

డబ్బా మీద రోజుల పేర్లకి ఇంగ్లీషు మొదటి అక్షరం ఒక్కటే వేశారు, దాంతో ఎస్‌లు రెండు, టీలు రెండు, మసక బుర్రతో చూస్తే మంగళవారమా గురువారమా తెలీదు, నేను మార్కర్‌తో తెలుగులో రాసుకున్నాను. మూతలు పారదర్శకంగా ఉంటాయి, లోపల ఏముందో బయటికి కనిపిస్తుంది. కొనేటప్పుడు అది మంచిదే అనుకున్నాను, కానీ నాకు తర్వాత తెలిసింది ఏంటంటే మీ ఇంట్లో ఎవరికీ చెప్పకుండా వాడుతుంటే మాత్రం ఆ పారదర్శకత రోజూ గుండెల మీద బరువే.

మా ఇంటికి బంధువులు వచ్చి నాలుగు రోజులున్నారు. అప్పటికి నేను మాత్రలు మొదలుపెట్టి రెండున్నర నెలలు, ఇంట్లో ఒక్కరికీ తెలీదు. ఎవరైనా చూసి ఏం మాత్రలమ్మా ఇవి అని అడుగుతారేమోనని డబ్బాని బీరువాలో చీరల కింద పెట్టేశాను, ఆ గదిలోనే వాళ్ళు పడుకున్నారు, పొద్దున లేచేసరికి తలుపు వేసి ఉండేది, తర్వాత వేసుకుందాంలే అనుకునేదాన్ని, ఆ తర్వాత వచ్చేది కాదు. మూడో రోజుకి తల తిప్పుతున్నట్టు ఉంది, కళ్ళు పక్కకి తిప్పితే తలలో చిన్న కరెంట్ షాక్ కొట్టినట్టు అయ్యేది, ఊరికే ఏడుపొచ్చేది, చిన్న మాటకి కోపమొచ్చేది, నేను జబ్బు తిరగబెట్టింది అనుకుని భయపడిపోయాను. వాళ్ళు వెళ్ళాక డబ్బా తీసి చూస్తే గురు, శుక్ర, శని మూడు గదులూ నిండుగా ఉన్నాయి. డాక్టర్‌కి ఫోన్ చేస్తే ఇది మందు ఉన్నట్టుండి ఆపేస్తే వచ్చే ఇబ్బంది, రేపు పొద్దున మామూలు డోసు వేసుకోండి, కలిపి వేసుకోవద్దు అన్నారు. ఎప్పుడైనా మానెయ్యాలన్నా కొంచెం కొంచెంగా తగ్గించాలి తప్ప ఇలా కాదని అప్పుడే మళ్ళీ చెప్పారు. ఆ మూడు నిండు గదులూ చూస్తూ కూర్చున్నప్పుడు నాకు అర్థమైంది, నేను దాచింది మాత్రల్ని అనుకుంటున్నాను కానీ దాయడం కోసం మందునే మానేశాను.

ఆ రాత్రే అక్కకి ఫోన్ చేశాను. ఎలా మొదలుపెట్టాలో తెలీక అక్కా, నేనొక మందు వాడుతున్నాను, అది మూడు రోజులు వేసుకోలేదు, ఒంట్లో బాలేదు అని మొదలుపెట్టాను. ఇప్పుడు ఆలోచిస్తే అదే మంచి మొదలు, ఎందుకంటే జబ్బు పేరుతో మొదలుపెడితే అవతలివాళ్ళు ఆ పేరు దగ్గరే ఆగిపోతారు, మందుతో మొదలుపెడితే ఏం చెయ్యాలి అని అడుగుతారు. అక్క కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత నాకెందుకు చెప్పలేదే అంది, మళ్ళీ తనే సర్లే అది తర్వాత, మందు పేరు స్పెల్లింగ్ చెప్పు రాసుకుంటా, మానేస్తే ఏమవుతుందో చెప్పు అంది. నాకు ఆ మాట ఇప్పటికీ గుర్తొస్తుంది. సలహా ఇవ్వలేదు, ధైర్యంగా ఉండు అనలేదు, పేరు రాసుకుంది.

అప్పటి నుంచి నేను ఎవరికి చెప్పాలి అన్నదానికి ఒకే లెక్క పెట్టుకున్నాను. నాకు ఎంత దగ్గర అన్నది పక్కన పెట్టి, ఈ మందు వల్ల గానీ ఇది అందక గానీ నాకేమైనా అయితే ఆ టైంలో నా పక్కన ఉండేది ఎవరు అని చూసుకున్నాను. వాళ్ళకి తెలియాల్సిందే. చిన్నప్పటి నుంచి ప్రాణంగా ఉండే ఫ్రెండ్ దూరంగా ఉండొచ్చు, తనకి మెల్లగా చెప్పొచ్చు, చెప్పకపోయినా ప్రమాదం లేదు, ఒకే ఇంట్లో ఉండే మనిషితో అంత చనువు లేకపోయినా చెప్పాల్సి రావచ్చు. ముఖ్యంగా పాతికేళ్ళ లోపు వాళ్ళకి ఈ మందులు మొదలుపెట్టిన తొలి వారాల్లో, డోసు మార్చినప్పుడు చచ్చిపోవాలన్న ఆలోచనలు కొంతమందిలో పెరగొచ్చని మందుతో వచ్చే కాగితం మీదే హెచ్చరిక ఉంటుంది, అమెరికాలో 2004లో పిల్లలకి పెట్టిన ఆ హెచ్చరికని 2007లో 24 ఏళ్ళ వరకూ పెంచారు. అందుకని ఆ వయసు వాళ్ళు మొదట్లోనే ఇంట్లో ఒక్కరికైనా చెప్పి, నేను తేడాగా ఉంటే, నిద్రపోకుండా అటూ ఇటూ తిరుగుతుంటే డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి అని చెప్పి ఉంచండి, దయచేసి.

వైద్యం చేసేవాళ్ళ విషయంలో మాత్రం ఆలోచించేదేమీ లేదు, అందరికీ చెప్పాలి, పంటి డాక్టర్‌కి కూడా. నాకు పన్ను తీసేటప్పుడు ఫారంలో వాడుతున్న మందులు అన్నచోట ఖాళీగా వదిలేశాను, పంటికీ దీనికీ ఏం సంబంధం అనుకున్నాను, చివరి నిమిషంలో మనసొప్పక చెప్పాను. ఆవిడ ముఖంలో ఏ మార్పూ లేదు, నొప్పి మాత్ర ఇబుప్రోఫెన్ నుంచి పారాసిటమాల్‌కి మార్చి రాశారు, ఈ రకం మందులతో ఇబుప్రోఫెన్, ఆస్పిరిన్ లాంటివి కలిస్తే రక్తస్రావం అయ్యే అవకాశం పెరుగుతుందట. అలాగే ట్రమడాల్ అనే నొప్పి మందు, డెక్స్‌ట్రోమెథార్ఫాన్ ఉండే దగ్గు సిరప్‌లు, లినెజోలిడ్ అనే యాంటీబయాటిక్, ఇవి కూడా అడక్కుండా వేసుకోకూడదు, ఒంట్లో సెరటోనిన్ అనే రసాయనం మరీ ఎక్కువైపోయి వణుకు, జ్వరం, గందరగోళం, గుండె దడ దాకా పోవచ్చు. ఆపరేషన్ ఉంటే మత్తు డాక్టర్‌కి చెప్పాలి, గర్భం అనుకుంటుంటే ముందే చెప్పాలి, సొంతంగా మానెయ్యకూడదు.

ఇక్కడ డబ్బాలో ఒక పెద్ద లోటుంది. స్ట్రిప్ మీద పేరుంటుంది, డబ్బాలో మాత్ర పోస్తే పేరు పోతుంది. నేను స్పృహ తప్పి పడిపోతే ఆ తెల్ల మాత్ర ఏంటో ఎవరికి తెలుస్తుంది? అందుకే చిన్న కాగితం మీద మందు పేరు, డోసు, ఏ టైంకి, డాక్టర్ ఫోన్, అక్క ఫోన్ రాసి మడిచి డబ్బా అడుగున టేపుతో అంటించాను. జబ్బు పేరు రాయలేదు. దాని అవసరం లేదు, డాక్టర్లకి మందు పేరు చాలు, మిగతావాళ్ళకి మందు పేరు చూసి ఏమీ తెలీదు, నిజానికి డిప్రెషన్‌కి ఇచ్చే మందుల్లో కొన్నిటిని వేరే వాటికి కూడా ఇస్తారు, డులోక్సెటిన్ నరాల నొప్పికి ఇస్తారు, అమిట్రిప్టిలిన్ మైగ్రేన్ రాకుండా ఇస్తారు.

ఇది నాకు ముందే తెలిసుంటే ఆఫీసులో ఆ పొరపాటు చేసేదాన్ని కాదు. ఒకరోజు చాలా దిగులుగా ఉంటే పక్కన కూర్చునే ఆవిడ ఏమైంది అని చాలా మెత్తగా అడిగింది, నేను అంతా చెప్పేశాను, మాత్ర పేరుతో సహా. వారం తిరక్కుండా ఇంకో టీంలో మనిషి వచ్చి జాలిగా ఇప్పుడెలా ఉంది అన్నారు. ఆవిడ చెడ్డది కాదు, నా మీద బెంగతోనే ఎవరికో చెప్పి ఉంటుంది, కానీ నా మాట నా చేతిలోంచి జారిపోయింది, దాన్ని వెనక్కి తీసుకోవడం ఎవరివల్లా కాదు. నాకు ఆరోజు కావాల్సింది పొద్దున మీటింగ్ ఒక గంట వెనక్కి జరపడం, ఎందుకంటే కొత్త డోసుకి పొద్దున్నే కడుపులో తిప్పేది. మా మేనేజర్‌తో ఒక మందు మార్చారు, రెండు వారాలు పొద్దున ఇబ్బందిగా ఉంటుంది అంటే సరిపోయేది, తర్వాత అదే అన్నాను, ఆయన సరే అన్నారు, ఏ మందు అని అడగలేదు. మందు వాడుతున్నానని చెప్పడం వేరు, ఎందుకు వాడుతున్నానో చెప్పడం వేరు. మన మనసు బాగా ఉన్న రోజు ఒకసారి ఆలోచించుకుని చెప్పాలి, ఏడుపొచ్చిన రోజు ఎవరు దగ్గరుంటే వాళ్ళకి చెప్పేస్తాం.

అమ్మకి నేను చెప్పలేదు, డబ్బాయే చెప్పింది, ఇల్లు సర్దుతుంటే కనబడింది. అమ్మ మొదటి భయం, అలవాటైపోతే ఎలా అని. సెర్ట్రలిన్ లాంటివాటికి నిద్రమాత్రల్లాగా ఇంకా ఇంకా కావాలనిపించే అలవాటు పడదు, నిద్రకీ కంగారుకీ ఇచ్చే కొన్ని వేరే మాత్రలు ఎక్కువ కాలం వాడితే మాత్రం అలా అవుతుంది, నాది అది కాదు అని చెప్పాను. ఒక్కరోజులో నమ్మలేదు. నాతో డాక్టర్ దగ్గరికి ఒకసారి వచ్చి తనే అడిగింది, బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వాడితే తిరగబెట్టే అవకాశం తగ్గుతుందని ఆయన చెప్తే విన్నది. చెప్పడం వల్ల వచ్చే ఇంకో కష్టం గురించి ఎవరూ అనరు, నేను అంటాను. అమ్మకి తెలిశాక నాకు కోపమొచ్చిన ప్రతిసారీ ఇవాళ మాత్ర వేసుకున్నావా అని అడగడం మొదలుపెట్టింది. నా కోపానికి న్యాయమైన కారణం ఉన్నా సరే మాత్ర మీదకే పోయేది, నాకు నిజంగా చాలా బాధేసింది. చివరికి కూర్చోబెట్టి చెప్పాను, అమ్మా, మాత్ర సంగతి పొద్దున డబ్బా చూసి తెలుసుకో, గది ఖాళీగా ఉంటే వేసుకున్నట్టే, నా కోపం గురించి మాత్రం నన్నే అడుగు. ఇప్పుడు డబ్బా అందరికీ కనిపించేచోట అమ్మ బీపీ మాత్రల పక్కనే ఉంటుంది, అమ్మ అటు వెళ్తూ ఒకసారి చూస్తుంది, ఏమీ అనదు.

ఇక కొనాలనుకునేవాళ్ళకి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ రకం కొనొద్దు, మూత పిల్లలు కూడా తెరిచేస్తారు, అక్క కొడుకు వచ్చినప్పుడు నేను పైన అల్మరాలో పెట్టి తాళం వేస్తాను. నోట్లో కరిగిపోయే రకం మాత్రలు, తేమ తగిలితే పాడయ్యేవి స్ట్రిప్‌లోనే ఉంచాలి, మీ మాత్ర డబ్బాలో పొయ్యొచ్చా అని మందుల షాపులో అడగండి. బ్యాగులో వేసుకుని తిరిగితే మూతలు ఊడిపోతాయి, నాకు ఒకసారి నాలుగు రోజులవి కలిసిపోయాయి, నాకు ఒకటే మాత్ర కాబట్టి సరిపోయింది, రెండు మూడు రకాలున్నవాళ్ళకి అది ప్రమాదం. ఇంకో మాట, మీకు మిమ్మల్ని మీరు ఏమైనా చేసుకుంటారేమో అన్న ఆలోచనలు వస్తుంటే నెల స్ట్రిప్‌లన్నీ మీ దగ్గర ఉంచుకోవద్దు, నమ్మకమున్న ఒక్క మనిషికి ఇచ్చి వారానికి ఏడు మాత్రలే డబ్బాలో పోయించుకోండి, ఆ ఆలోచనలు గట్టిగా ఉంటే డబ్బాతో ఆగకుండా వెంటనే డాక్టర్ దగ్గరికో ఎమర్జెన్సీకో వెళ్ళండి. నాకు ఒక రెండు నెలలు అలా నడిచింది, మిగతా స్ట్రిప్‌లు అక్క దగ్గరుండేవి, ఆదివారం వచ్చి నింపి వెళ్ళేది, అదేదో నిఘాలాగా కాదు, కబుర్లు చెప్తూ ఒక్కో గదిలో ఒక్కోటి వేసేది.

ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నా. ఒకటి మూతలకీ ఆ అక్షరాలకీ తగ్గించాను. మా తమ్ముడికి ఇంకా చెప్పలేదు, డబ్బా రోజూ చూస్తూనే ఉంటాడు, అమ్మవి అనుకుంటున్నాడేమో. వాడి పరీక్షలు అయ్యాక చెప్తాను.