తేనెపిట్టల కోసం కొన్న 8×42 బైనాక్యులర్స్: కొన్నేళ్లు వాడాక

విశాఖ ఎంవీపీ కాలనీలో మా బాల్కనీ పక్కన మందారాలున్నాయి. వాటి మీద వాలే ఊదా తేనెపిట్టే ఈ బైనాక్యులర్స్‌కి ఎక్కువ పని పెడుతుంది. (8×42 అంటే ఎనిమిది రెట్లు పెద్దగా చూపిస్తుంది, ముందు కటకం వెడల్పు 42 మి.మీ.) అందుకే నా మార్కులన్నీ ఆ పిట్టను చూపించిన తీరుకే.

మగపిట్ట దూరానికి వట్టి నల్లగా ఉంటుంది. ఎండ పడితేనే నీలం, ఊదా, ఆకుపచ్చ బయటపడతాయి. ఈకల్లో పొరలు పొరలుగా పేర్చుకున్న మెలనిన్ రేణువుల మీద వెలుతురు పడి తిరిగొచ్చే తీరులోంచి పుట్టే మెరుపు అది. పిట్ట తల తిప్పితే రంగు మారిపోతుంది.

చవక గాజు దొరికిపోయేది ఇక్కడే. తెల్లటి ఆకాశం ముందు నల్లటి పిట్ట కూర్చుంటే దాని చుట్టూ ఊదా అంచు కనిపిస్తుంది. అది కటకం లోపం. పిట్టే ఊదా రంగుదైనప్పుడు ఏ ఊదా ఎవరిదో తేల్చుకోవాలి మరి! నా దాంట్లో మధ్యభాగం శుభ్రంగా ఉంటుంది, చివర్లలో కాస్త రంగు అంటుతుంది.

రెండు మీటర్ల దగ్గర కూడా ఫోకస్ కుదరడం దీని అసలు గొప్ప. మందారం పువ్వు మొదలు దగ్గర ముక్కుతో పొడిచి తేనె కాజేయడం, ఆడపిట్ట ముందు రెక్కల కింది పసుపు కుచ్చులు విప్పడం, అన్నీ కళ్లముందే. జతకట్టే కాలం ముగిశాక మగది ఆ నలుపు వదిలేసి ఆడదానిలా పసుపు పొట్టతో తిరుగుతుంది. గొంతు నుంచి కిందికి నల్లటి చార ఒకటి మిగులుతుంది. ఆ చార తేటగా కనిపించని గాజుకు నేను డబ్బు పెట్టను.

ఊరి పక్కనున్న కంబాలకొండ అడవి నీడల్లోనూ పర్వాలేదు. 42ని 8తో భాగిస్తే 5.25 మి.మీ. వెడల్పున వెలుగు కంటికి చేరుతుంది. జేబులో పట్టే 8×21లో అందులో సగమే.

ఇక విశాఖ ఉప్పు తేమ గాలి. నైట్రోజన్ నింపిన రకం కాబట్టి లోపల బూజు పట్టలేదు గానీ, ఫోకస్ చక్రం మీది రబ్బరు జిగటగా తయారైంది. వారంటీ కిందికి రాదన్నారు. సిలికా జెల్ పొట్లాలతో మూత గట్టిగా పట్టే డబ్బాలో పెడుతున్నాను. బీచ్‌కి తీసుకెళ్తే కటకాల మీది ఉప్పు పొడిని పొడిగుడ్డతో తుడవకండి, గీతలు పడతాయి.

మెడపట్టీ బరువు లాగేస్తుంది, భుజాలకు తగిలించుకునే పట్టీలు విడిగా కొనుక్కోండి. ఆర్కే బీచ్ నుంచి ఓడలు చూడటానికే అయితే మాత్రం ఇది మీకు కాదు, 10×42 తీసుకోండి.