దేవమాలి మంచులో వెనక చక్రాల బండి

పొద్దున్నే కళ్లకు అడ్డం పడే పొగనూ మనం మంచే అంటాము, గడ్డి మీద నిలిచే నీటి చుక్కలనూ మంచే అంటాము, హిమాలయాలలో అడుగుల ఎత్తున పేరుకునేదాన్నీ మంచే అంటాము. మూడవది ఒడిశాలోని కొరాపుట్ జిల్లాలో పడదు. మొదటి రెండూ ఎర్రమట్టితో కలిస్తే వెనక చక్రాలతో నడిచే బండికి ఎంత ఇబ్బంది కలుగుతుందో మాత్రం డిసెంబరు చివర జయపురం నుంచి దేవమాలి కొండకు చేసిన మూడు రోజుల ప్రయాణంలో కళ్లారా చూశాను.

నేను, నా భార్య, మా మేనమామ వెళ్లాము. మావయ్య సైన్యంలో డ్రైవరుగా పనిచేసి, ఎన్నో చలికాలాలు కాశ్మీరులోనూ లడఖ్‌లోనూ లారీ నడిపి వచ్చినవారు. జయపురంలో ఒక ట్రావెల్స్ వారి వద్ద డ్రైవరుతో సహా బొలెరో మాట్లాడుకున్నాము. సీట్లు శుభ్రంగా ఉన్నాయి, బండి చెప్పిన వేళకే వచ్చింది, కిరాయిలో దాపరికం లేదు. అయితే మావయ్య సామాను ఎక్కించకముందే వెనక టైరు దగ్గర కూర్చుని, దాని గాడిలో రూపాయి బిళ్ల నిలబెట్టి చూసి, అది అంచు మాత్రమే మునగడంతో ముఖం చిట్లించారు. వేరే టైర్లు వేయమని అడిగితే, వచ్చే నెలలో ఎలాగూ మారుస్తామన్నారు. ఆ జవాబు విని బండి వద్దనవలసింది. సెలవుల రోజులు, మరొకటి దొరకదన్న తొందరలో ఒప్పుకున్నాము.

గురువారం కొరాపుట్, సునాబెడ, సెమిలిగూడ దాటి సాయంత్రానికి దేవమాలి దిగువన ఉన్న గుడారాల బసకు చేరాము. 1,672 మీటర్లతో ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం అది. బసలో పరుపులు వెచ్చగా ఉన్నాయి. రాత్రి భోజనంతో పాటు మండియా జావ, అంటే మన చోడి అంబలే, వేడివేడిగా పోశారు. బండ్లు నిలిపే చోటు మాత్రం గడ్డి పెరిగిన ఏటవాలు నేల. ముందు రోజు జల్లు పడి ఉండడంతో, ఆ నాలుగు గజాలు ఎక్కలేక మా బొలెరో వెనక ఎడమ చక్రం ఉన్నచోటే గిర్రున తిరగసాగింది. డ్రైవరు కుర్రాడు ఇంకా గట్టిగా తొక్కాడు, చక్రం గడ్డిని చీల్చి బురదలో దిగింది, ఎర్రటి బురద వెనక నిలుచున్న నా చొక్కా మీదికి చిమ్మింది.

మావయ్య అతన్ని ఆపి, స్టీరింగు తిన్నగా ఉంచి రెండవ గేరులో, క్లచ్ మెల్లగా వదులుతూ, యాక్సిలరేటరును తాకీ తాకనట్టు నొక్కమన్నారు. నన్నూ, పక్క గుడారంలోని మరో ఇద్దరినీ వెనక సీట్లలో కూర్చోబెట్టారు. బండి ఒక్కసారి ఊగి, పట్టు దొరికి పైకి ఎక్కింది.

రాత్రి నెగడు దగ్గర ఆయన చెప్పినది నాకు బాగా గుర్తుండిపోయింది. "అల్లుడూ, ఇంజను బరువంతా ముందు, తోసే చక్రాలు వెనక. వెనక భాగం ఖాళీగా ఉంటే ఆ చక్రాలను నేలకు అదిమిపెట్టేది ఏముంది?" అన్నారు. ముందు చక్రాలతో నడిచే కార్లకు ఇంజను బరువే పట్టునిస్తుంది. వెనక చక్రాల బండికి ఆ బరువును మనం సమకూర్చాలి. అందుకే హిమాలయాలలో చలికాలం ఖాళీ పికప్‌లలో ఇసుక బస్తాలు వేస్తారట. అవీ వెనక ఇరుసుకు సరిగ్గా పైన ఉండాలి, కదలకుండా కట్టాలి. మరీ తోక చివర పెడితే ముందు చక్రాలు తేలికపడి స్టీరింగు మాట వినదు. మంచు మీద పట్టు కోసం టైర్లకు చుట్టే గొలుసులు కూడా తోసే చక్రాలకే, అంటే వెనక వాటికే కడతారు. కట్టాక గంటకు 40 కిలోమీటర్లు దాటనివ్వరు, తారు తేలగానే విప్పేస్తారు, లేకపోతే గొలుసు తెగుతుంది, టైరూ పాడవుతుంది. అక్కడి చలికి మామూలు టైరు రబ్బరు గట్టిపడి పట్టు తగ్గుతుంది కాబట్టి, చలిలోనూ మెత్తగా ఉండే రబ్బరుతో చేసిన టైర్లు వేరే దొరుకుతాయి. మన కనుమలలో గొలుసులూ ఆ టైర్లూ అక్కరలేదు గాని, బరువు లెక్క మాత్రం ఇక్కడా అదే.

శుక్రవారం తెల్లవారుజామున శిఖరం ఎక్కాము. మబ్బులు కాళ్ల కింద పరుచుకున్న ఆ దృశ్యం కోసమే ఎందరో వస్తారు. గాలి చెవులు కోస్తుంది, ఉన్ని టోపీ తప్పనిసరి. దిగేటప్పుడు ఒక మలుపులో రోడ్డు మీదికి కొట్టుకొచ్చిన ఎర్రమట్టి మంచుకు తడిసి సబ్బులా ఉంది. కుర్రాడు వేగం తగ్గించాలని మూడు నుంచి రెండవ గేరుకు దించి క్లచ్ చటుక్కున వదిలాడు. బండి తోక లోయ వైపు అడుగున్నర జరిగింది. దిగుడులో బరువు ముందుకు వాలి వెనక చక్రాలు ఇంకా తేలికపడతాయి, ఇంజను పట్టేదేమో ఆ వెనక చక్రాలనే. బ్రేకు మితిమీరి నొక్కినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్‌కు, ఇంజను వల్ల కలిగే ఈ బిగుతుతో సంబంధం లేదు. అదృష్టవశాత్తూ కుర్రాడు బ్రేకు తొక్కలేదు. మావయ్య "క్లచ్ నొక్కు, తోక ఎటు పోతే అటే తిప్పు" అన్నంతలోనే స్టీరింగు లోయ వైపు కొద్దిగా తిప్పి, బండి సర్దుకోగానే నిటారుగా తెచ్చాడు. లోయ వైపు తిప్పడానికి చేయి ఒప్పుకోదు, అయినా ముందు చక్రాలు బండి పోతున్న దిక్కుకు చూస్తేనే తోక వెనక్కి వస్తుంది. నా భార్య నా మణికట్టును వదలడానికి చాలాసేపు పట్టింది.

అక్కడి నుంచి నేరుగా సెమిలిగూడ దగ్గరి కుందులికి పోయాము. శుక్రవారం అక్కడ పెద్ద సంత. జయపురంలో కూరగాయల దుకాణం నడిపే మా బావ కొత్త అల్లం తెమ్మని చెప్పి ఉన్నాడు కాబట్టి రెండు బస్తాలు కొన్నాము. మావయ్య వాటిని తన చేతులతో వెనక ఇరుసు మీదికి జరిపించి, నైలాను తాడుతో సీటు కాళ్లకు బిగించారు.

ఆ రాత్రి సెమిలిగూడలో ఒక లాడ్జిలో దిగాము. గది ఇరుకు, కిటికీలోంచి గోడ తప్ప మరేమీ కనిపించదు, వేడినీళ్లు బకెట్టుతో తెచ్చి ఇస్తారు. అయినా సిమెంటు చేసిన చదునైన ఆవరణ, రాత్రంతా కాపలా మనిషి ఉండడం వల్ల గుడారాల కన్నా దీనికే ఎక్కువ మార్కులు వేస్తాను. చలికాలంలో వెనక చక్రాల బండితో వచ్చేవారు గది అడిగే ముందు బండి నిలిపే చోటు చూడాలి.

శనివారం కొరాపుట్‌లో శబర శ్రీక్షేత్రమనే జగన్నాథ ఆలయం దర్శించుకుని, జయపురం ఘాటులోకి దిగేసరికి పొగమంచు ఇంకా విడలేదు. తక్కువ ఎత్తు లైట్లతో, ఒకే గేరులో, మలుపుకు ముందే వేగం తగ్గించుకుంటూ దిగాము. అవే అరిగిన టైర్లు, అయినా తోక ఒక్కసారి కూడా కదలలేదు. దానికి తారు రోడ్డు ఎంత కారణమో, అల్లం ఎంత కారణమో, కుర్రాడి పాదం మెత్తబడడం ఎంత కారణమో విడదీయడం కష్టం. మావయ్య మటుకు పాదానికే ఓటు వేశారు.

బావ దుకాణం ముందు బస్తాలు దించాక, కుర్రాడు ఖాళీ గోనెసంచులు రెండు అడిగి తీసుకున్నాడు. ఎదురుగా ఇల్లు కడుతున్న చోట మేస్త్రీని అడిగి, రెండింటిలో సగానికి పైగా ఇసుక నింపుకుని, మూతులు కుట్టించి, మావయ్య చూపిన చోటే పెట్టి కట్టుకుని వెళ్లాడు.